ఖమ్మంలో ఒక సీసా తెరవడానికి

మా చెల్లెలు మహారాష్ట్రలో ఒక వైన్ కంపెనీలో పనిచేస్తుంది. ఆ సంగతి మా పుట్టింటివాళ్లలో నాకొక్కదానికే తెలుసని చాలా ఏళ్లు నమ్మాను. మిగతా అందరికీ అది పళ్లరసాల కంపెనీ. ఆ మాట పుట్టించింది నేనే. దానికి ఉద్యోగం వచ్చిన కొత్తలో పెనుబల్లి దగ్గర మా పుట్టింటికి వెళ్లినప్పుడు, అన్నయ్య అన్నం తింటూ "ఏం కంపెనీ?" అని అడిగాడు. చెల్లెలు నోరు తెరిచేలోపే నేను అందుకుని "జ్యూస్ కంపెనీ, ద్రాక్ష జ్యూస్" అన్నాను. అది నావైపు ఒకసారి చూసి పళ్లెంలోకి తలదించుకుంది. పధ్నాలుగేళ్లుగా ఇల్లందులో మా అత్తగారికీ, నా స్కూల్లో తోటి టీచర్లకీ అదే మాట చెబుతూ వచ్చాను. మా ఆయనకు మాత్రం నిజం తెలుసు. తెలిసినా ఆ ఊసెత్తడు.

పోయినేడు ఎండాకాలంలో అది ఫోన్ చేసింది. కంపెనీలో తనకు పెద్ద బాధ్యత ఇస్తున్నారట, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్ కావాలన్నారట. ఖమ్మంలో బీయెస్సీ చదివినప్పటి ఆ కాగితం ఇన్నేళ్లుగా అది కాలేజీ నుంచి తీసుకోనే లేదు. పొద్దున రైలు దిగి, పని చూసుకుని, సాయంత్రం రైలెక్కాలి. ఇల్లందు వచ్చి వెళ్లేంత వ్యవధి లేదు.

"నువ్వే ఖమ్మం రా అక్కా. మధ్యాహ్నం ఇద్దరం కలిసి భోంచేద్దాం. నీకొకటి తెస్తున్నా" అంది.

చీరేమో అనుకున్నాను. స్కూల్‌కి సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాను.

కాలేజీలో పని మేం భయపడినంత లేదు. పదకొండు దాటేసరికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని అది భుజానికున్న గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుంది. లోపల తువ్వాలు, తువ్వాలులో ఒక సీసా. దాని మీద కాగితం లేదు, పేరు లేదు. లేత పసుపు రంగు కనిపిస్తోంది. సీసా చుట్టూ పెట్టిన చల్లటి ప్యాకెట్లు దారిలోనే కరిగిపోయి మెత్తగా వేలాడుతున్నాయి.

"ఇది నా ట్యాంకుదక్కా. కాయ ఏ రోజు కొయ్యాలో చెప్పిన దగ్గర్నుంచి సీసాల్లోకి నింపేదాకా మొత్తం నేనే చూసుకున్నా. ఇంకా లేబుల్ కూడా వెయ్యలేదు. నువ్వు తాగాలి" అంది.

నాకప్పటికి యాభై రెండేళ్లు. మందు అనేదాన్ని నాలుకకు తగిలించి ఎరగను. మా ఇంట్లో అది లేదని కాదు. మా ఆయన గనిలో ఫోర్‌మన్, ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో పెరట్లో కూర్చుంటాడు. వాళ్లకు ఉల్లిపాయలు తరిగి, లివర్ వేయించి ఇచ్చేది నేనే. ఆ వాసన నాకు కొత్త కాదు. తాగడమే కొత్త. అయినా కాదనలేదు. చిన్నప్పట్నుంచీ అది నన్ను ఏదీ అడిగిన పిల్ల కాదు. అడక్క అడక్క అడిగింది.

దానికొక్కటే పట్టింపు. చాటుగా, తలుపులేసుకుని, కాగితం గ్లాసుల్లో తాగేది కాదు. బల్ల మీద పెట్టుకుని, భోజనంతో పాటు, మాట్లాడుకుంటూ నెమ్మదిగా తాగాలి. వాళ్లుండే చోట హోటల్‌కి మన సీసా మనం తీసుకెళితే తెరిచి గ్లాసుల్లో పోసిస్తారట, దానికి వేరే ఛార్జీ వేస్తారట. ఖమ్మంలోనూ అలాంటిదేదో ఉండకపోతుందా అనుకున్నాం ఇద్దరం. జిల్లా కేంద్రం, పైగా వీధికొకటి "వైన్స్" బోర్డు కనిపించే ఊరు.

బయటికొచ్చి ఆటో పిలిచాను. ఏమని చెప్పాలో తెలియలేదు. నా నోటికి ఆ మాట రాలేదు. "మంచి హోటల్‌కి పోనివ్వు బాబూ, ఏసీది, అన్నీ దొరికేది" అన్నాను.

"అన్నీ అంటే నాన్‌వెజ్జా మేడం?"

"నాన్‌వెజ్ కాదు… అదీ ఉండాలి. అన్నీ."

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. చెల్లెలు ముందుకు వంగి, వైన్ తాగుతూ భోంచేసే చోటు కావాలని మామూలుగా, ఇడ్లీ దొరికే చోటు అడిగినట్టు అడిగింది. అతను తలూపాడు. మార్కెట్ యార్డు పక్కనుంచి పోనిచ్చాడు. మిర్చి సీజను. ఘాటు గొంతులో పట్టుకుని ఇద్దరం కొంగులు, చున్నీలు మూతికి అడ్డం పెట్టుకున్నా దగ్గు ఆగలేదు. తీరా ఆటో ఆపింది ఒక వైన్స్ ముందు. ఇనుప జాలీ, జాలీ ముందు మగవాళ్ల గుంపు, పక్కన రేకుల షెడ్డులో నిలబడి తాగుతున్నవాళ్లు. ఒకాయన చేతిలో గుడ్డు ముక్కతో మావైపే చూస్తున్నాడు.

"గిదే మేడం. పక్కనే కూసోని తాగొచ్చు" అన్నాడు ఆటో అతను. ఎగతాళి ఏం లేదు అతని గొంతులో. మేం అడిగినదే చూపించాడు.

నేను కొంగు మొహానికి ఇంకాస్త కప్పుకుని "పోనివ్వు, పోనివ్వు" అన్నాను. అక్కడ నా పాత విద్యార్థి ఎవడైనా ఉంటే ఎలా అన్నదే నా మనసులో తిరుగుతోంది. మా చెల్లెలు మాత్రం ఆ జాలీ వెనకున్న అరల్ని కళ్లు చికిలించి చూస్తోంది. "అక్కా, ఇన్ని సీసాల్లో వైన్ సీసా ఒక్కటీ లేదే" అంది.

అప్పుడది ఫోన్‌లో వెతికింది. ఫొటోల్లో మెత్తటి సోఫాలు, వేలాడే దీపాలు ఉన్న ఒక హోటల్ దొరికింది. వెళ్లాం. నిజంగానే చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. కూర్చున్నాం, నీళ్లు తాగాం, మెనూ తెచ్చారు. చేపల వేపుడు చెబుదామా, మటన్ చెబుదామా అని కాసేపు అనుకున్నాం. ఈ వైన్‌కి చేపే బాగుంటుందని చెల్లెలు అంది. ఆ తర్వాత వెయిటర్‌ని పిలిచి, మేమొక వైన్ సీసా తెచ్చుకున్నాం, తెరుచుకుని తాగొచ్చా అని అడిగింది. ఆ అబ్బాయి పెన్ను చెవి మీద పెట్టుకుని వెళ్లి మేనేజర్‌ని తీసుకొచ్చాడు.

మేనేజర్ ముప్పయ్యేళ్లవాడు. అడిగింది చెల్లెలైతే అతను నావైపు చూశాడు. నా నెరిసిన జుట్టు, నా నేతచీర, నా స్కూల్ సంచి చూశాడు. నేనేదో దాన్ని అదుపులో పెట్టాలన్నట్టు నాతోనే చెప్పాడు.

"మేడం, ఇది ఫ్యామిలీ రెస్టారెంట్."

"మేం అక్కాచెల్లెళ్లం. ఇంతకంటే ఫ్యామిలీ ఏముంటుంది?" అంది చెల్లెలు.

"గట్ల కాదు మేడం. ఫ్యామిలీస్ వస్తరు ఈడికి. మంచిగుండదు."

పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లలతో కూర్చున్న దంపతులు తినడం ఆపి మమ్మల్ని చూస్తున్నారు. ఆ భార్య నా వయసుకి దగ్గరే ఉంటుంది. ఆమె చూపులో కోపం లేదు, ఏదో జాలి ఉంది. అది భరించలేక ముందు నేనే లేచాను. వెయిటర్ వెనకనుంచి వచ్చి, భోజనం చేసి వెళ్లండి, సీసా సంచిలోనే ఉంచుకోండి చాలు అన్నాడు. వాడిదీ మంచి మాటే. చెల్లెలు అప్పటికే మెట్లు దిగుతోంది.

రెండో చోటు ఇంకా చిత్రంగా ఉంది. ఒకటే మేడ, ఒకటే యజమాని. కింద బార్, పైన రెస్టారెంట్. కింద గుమ్మంలో ఉన్న వాచ్‌మన్ మా ఇద్దర్నీ చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. లేడీస్ పైకి వెళ్లాలన్నాడు. పైకెళితే, పైన మందు ఉండదన్నారు. మందు కావాలంటే కిందికే వెళ్లాలి. కిందికి ఆడవాళ్లు రాకూడదు. వంటగది రెండింటికీ ఒకటే. మెట్ల మీద ట్రేలు పట్టుకుని పైకీ కిందికీ తిరుగుతున్న కుర్రాళ్లు మా పక్కనుంచే వెళుతున్నారు. మేం ఆ మెట్ల మధ్యలో నిలబడి అటు చూస్తూ ఇటు చూస్తూ ఉన్నాం.

చివరికి ఒకాయన వచ్చాడు. ఆయన్ని అందరూ సార్ అంటున్నారు. మాట మర్యాదగానే ఉంది. సీసా చూపించమన్నాడు. తువ్వాలు విప్పి చూడగానే ఆయన మొహం మారింది.

"లేబుల్ లేదేందమ్మా? ఏడిది ఇది?"

మహారాష్ట్రది, నేను తయారుచేసిందే అని చెల్లెలు చెప్పింది. ఆ మాటతో పని ఇంకా చెడింది. బయటి రాష్ట్రం సరుకు, పైగా పేరూ ఊరూ లేని సీసా, ఎక్సైజువాళ్ల కంటపడితే తన లైసెన్స్ పోతుందని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఆ భయం నిజమైనదే. నాకూ అప్పుడే తట్టింది, మేం సంచిలో పెట్టుకు తిరుగుతున్నది ఇక్కడ ఉండకూడని వస్తువని. కావాలంటే తమ దగ్గరున్న వైన్ పార్సిల్ కట్టించి ఇస్తాననీ, ఇంటికి తీసుకెళ్లి తాగమనీ అన్నాడు. ఏ వైన్ అని అడిగితే మెట్ల కిందనుంచే అర చూపించాడు. ట్యూబ్‌లైట్ పక్కన దుమ్ముపట్టి నిలబెట్టిన సీసా ఒకటి. ఎర్రగా, చిక్కగా, దగ్గు సిరప్‌లా ఉంది.

మా చెల్లెలు ఆ సీసాని చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నా క్లాసులో ఎవరైనా నేను చెప్పిన పాఠాన్ని పూర్తిగా తప్పుగా అప్పజెప్పినప్పుడు నేనలాగే చూస్తాను.

రోడ్డు మీదికొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది. ఒంటిగంట దాటింది. కాళ్ల కింద తారు మెత్తబడింది. పొద్దున రెండు ఇడ్లీ తిని బయల్దేరిన దాన్ని. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దాని మీదే చూపించాను.

"ఇంత అవసరమా ఏమే? ఒక గుక్క తాగితే సరిపోయేదానికి టేబుల్ కావాలి, గ్లాసులు కావాలి అంటావు. ఎవరైనా చూస్తే నా పరువేం కాను? రేపు నేను స్కూల్లో పిల్లలకి మొహం చూపించొద్దూ?"

అది గొడుగు నా తల మీదికి జరిపింది.

"అక్కడ ఎవరెవరో తాగుతారక్కా. బాగుందంటారు, లేదంటారు, పుస్తకాల్లో రాస్తారు. మనవాళ్లలో ఒక్కరికి కూడా నేను చేసేదాని రుచి తెలీదు. నువ్వు బడిలో పాఠం చెబుతావు, బావగారు బొగ్గు తీస్తారు, అన్నయ్య పత్తి పండిస్తాడు. నాదొక్కటే జ్యూస్" అంది.

ఆ చివరి మాట నన్ను గుచ్చింది. గుచ్చాలనే అంది అనుకుంటాను.

చెట్టునీడలో నిలబడి ఇంకో రెండు చోట్లకి ఫోన్ చేశాం. ఒక నంబరు పనిచెయ్యలేదు. రెండో చోట ఎత్తినాయన, మందు పార్టీకి హాలు ఉంది, కానీ కనీసం యాభైమంది ఉండాలన్నాడు. ఎంతమంది అని అడిగాడు. ఇద్దరం అంటే పెట్టేశాడు.

సంచిలో సీసా ముట్టుకుంటే వెచ్చగా తగులుతోంది. చెల్లెలు మాటిమాటికీ చెయ్యి పెట్టి చూస్తోంది, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు. ముందు ఐస్ దొరికితే చాలంది. ఎదురుగా ఒక బిర్యానీ హోటల్ ఉంది. గల్లాపెట్టె దగ్గర తెల్లగడ్డం పెద్దాయన కూర్చున్నాడు. నేను వెళ్లి, మా దగ్గర మందుంది, చల్లగా ఉండాలి, కాస్త ఐస్ ఇస్తారా అని అడిగాను. ఇన్సులిన్ లాంటిదేదో అనుకుంటాడని నా ఉద్దేశం.

"దవాఖానా మందా అమ్మా? ఫ్రిజ్‌ల పెట్టాల్నా?" అన్నాడాయన ఆదుర్దాగా, లేవబోతూ.

నా వెనకనుంచి చెల్లెలు "కాదండీ, వైన్" అంది.

నేను చచ్చిపోయాననుకున్నాను. ఆయన మళ్లీ కూర్చున్నాడు. మమ్మల్నిద్దర్నీ చూశాడు, చెమటకి తడిసిన మా మొహాల్ని చూశాడు.

"ఈడ తెరవొద్దు బేటా. మాకది హరామ్. ఐస్ ఇస్త. ఐస్‌కేమున్నది" అన్నాడు.

లోపల్నుంచి ఫలూదా కోసం కొట్టిన ఐస్ రెండు కవర్లలో పోయించి, పైన పాత పేపరు చుట్టించి ఇచ్చాడు. కూర్చుని నీళ్లు తాగి వెళ్లమన్నాడు. ఆ పొద్దు మాకు అడ్డం చెప్పినవాళ్లలో మమ్మల్ని తక్కువ చేసి చూడనిది ఆయనొక్కడే. ఎందుకు కుదరదో ఒక్కమాటలో చెప్పాడు, అది ఆయన నమ్మకం, అక్కడితో అయిపోయింది. మంచిచెడ్డలు మాకు నేర్పాలని చూడలేదు.

అక్కడ బిర్యానీ తినేసి స్టేషన్‌కి పోదాం పద అంది చెల్లెలు. దాని గొంతులో ఓపిక అయిపోయింది. విచిత్రమేమిటంటే, అప్పుడు నాకు పంతం వచ్చింది. అప్పటిదాకా దానికోసం తిరిగాను. ఇక నాకోసమే తిరగాలనిపించింది. పొద్దున్నుంచీ ఒక్కో గుమ్మం దగ్గర, ఏదో దొంగతనానికి వచ్చినట్టు తల వంచుకుని నిలబడింది నేను. ముప్పయ్యేళ్లుగా ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఇల్లు నడిపినదాన్ని, చెల్లెలితో కలిసి ఒక పూట భోజనం దగ్గర ఏం తాగాలో చెప్పడానికి నాకు అద్దంలో చూసే ఆటోవాళ్ల అనుమతి కావాలా అనిపించింది.

ఇంకో ఆటో ఆపాను. ఈసారి మాట మింగలేదు.

"ఆడవాళ్లు కూర్చుని వైన్ తాగే హోటల్ ఈ ఊళ్లో ఎక్కడుంది?"

అతను నడివయసు మనిషి. కాసేపు ఆలోచించి, "బైపాస్ మీద ఒకటుంది. క్యాబిన్లుంటయి" అన్నాడు.

ఆ బార్ అండ్ రెస్టారెంట్‌కి చేరేసరికి మూడున్నర. లోపల జనం లేరు. మేనేజర్ కౌంటర్ వెనక తన భోజనం తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అంతా విన్నాడు, సీసా చూశాడు, వీధి గుమ్మంవైపు చూశాడు. చివరి క్యాబిన్‌లో కూర్చోండి, సీసా బల్ల మీద కనపడొద్దు, నీళ్ల జగ్గులోకి పోసుకుని సీసా మళ్లీ సంచిలో పెట్టెయ్యండి అన్నాడు. చెల్లెలు నావైపు చూసింది. ఇది అది కోరుకున్నది కాదని నాకు తెలుసు. కానీ ఇంకో గుమ్మం ఎక్కే ఓపిక నాకు లేదు. సరేనండీ అన్నాను.

క్యాబిన్ అంటే మూడువైపులా ప్లైవుడ్, నాలుగోవైపు మరకల పరదా. నిన్నటి సిగరెట్ వాసన ఇంకా ఉంది. చేపలు లేవన్నారు. పప్పు, అన్నం, కోడివేపుడు చెప్పాం.

ఇక సీసా తెరవాలి. దాని మూతికి కార్కు, చెట్టు బెరడుతో చేసిన బిరడా. ఆ బిరడాలోకి మెలితిప్పి పైకి లాగే మర కావాలని చెల్లెలు అడిగితే వెయిటర్‌కి అర్థం కాలేదు. అది వేళ్లతో తిప్పి చూపించింది. అతను వెళ్లి సోడా మూత తీసేది తెచ్చాడు. అది కాదంటే కత్తి తెచ్చాడు. ఈ బార్‌లో ఉన్న సీసాలన్నీ మెలితిప్పి తీసేవే, అలాంటి పనిముట్టు మాకెన్నడూ అవసరం రాలేదని మేనేజర్ పరదా దగ్గరికొచ్చి చెప్పాడు. మా చెల్లెలు తల పట్టుకుంది. దాని గదిలో అలాంటివి ఆరుంటాయట. హోటల్‌లో ఉండకుండా ఎలా ఉంటుందని తేలేదట. ఆఖరికి వెయిటర్ స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని మొనతో బిరడాని లోపలికి పొడిచాడు. అది విరిగి, పొట్టు పొట్టుగా వైన్‌లో తేలింది. పొడిచినప్పుడు చింది నా చీర మీద పడింది.

చెల్లెలు తన కొత్త చేతిరుమాలుతో వడకట్టి, రెండు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, మింగకుండా చేతిరుమాలులోకి ఉమ్మేసింది.

"పోయిందక్కా" అంది.

నాకర్థం కాలేదు. నేనూ తాగాను. పుల్లగా, నాలిక మీద గీసుకుపోయినట్టు ఉంది. వెనకాల ఏదో ఉడికిన పండు వాసన. నాకు తెలిసిన రుచి ఏదీ కాదు.

"బాగుందే" అన్నాను.

"అబద్ధం చెప్పకు. ఈ ఒక్కదాని గురించి చెప్పకు."

దాని కళ్లు నిండాయి. నేను గ్లాసు కింద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. పుల్లగా ఉంది, చివర ఉడకబెట్టిన రేగుపళ్ల వాసన వస్తోంది అన్నాను. అది తలెత్తి నన్ను చూసింది. అవును, సరిగ్గా అదే, ఎండకి లోపల ఉడికిపోయింది, ఆ వాసన రాకూడదు అంది. చెడిపోకుండా ఉంటే ఎలా ఉండాలో చెప్పింది. పచ్చి జామకాయ కొరికినప్పటి వాసన ముందు రావాలట, తర్వాత నిమ్మతొక్క, మింగాక నోరు శుభ్రంగా ఉండాలట. కోత ఒక్క మూడురోజులు ఆలస్యమైనా ఆ జామ వాసన పోతుందట. అందుకని తెల్లారకముందే తోటలోకి వెళ్లి వరసల వెంట కాయలు నమిలి చూస్తూ తిరిగేదట. కొయ్యాలి అని అది చెప్పిన రోజున, ఇంకా వారం ఆగాలని పెద్దవాళ్లు అన్నారట. అది వినలేదట.

పధ్నాలుగేళ్లలో నేను దాన్ని ఈ సంగతులు ఒక్కటీ అడగలేదు. తిన్నావా, ఒంట్లో బాగుందా, ఎప్పుడొస్తావు, అంతే. అదే అన్నాను. నువ్వు చెప్పొద్దన్నావుగా అంది. అన్నయ్యకి తెలిస్తే గొడవవుతుందనే కదా అన్నాను.

"అన్నయ్యకి తెలుసక్కా. నాలుగేళ్ల కిందట నేనే చెప్పా."

కలుపుతున్న ముద్ద పళ్లెంలోనే వదిలేశాను.

"ఏమన్నాడు?"

"ఏమనలేదు. జీతం బాగా ఇస్తారా అన్నాడు. తోటలు చూపిస్తావా అన్నాడు. అక్కకి మాత్రం నాకు తెలుసని చెప్పొద్దు, ఇంతకాలం దాచిపెట్టింది కదా, చిన్నబోతుంది అన్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు కోపమే వచ్చింది. నాలుగేళ్లుగా నేను జ్యూస్ అంటుంటే అన్నయ్య, వదిన తలూపుతూ విన్నారన్నమాట. పోయిన పండక్కి కూడా "మీ చెల్లెలి జ్యూస్ కంపెనీ ఎలా ఉంది?" అని వదిన అడిగితే, ఎండాకాలం గిరాకీ బాగా ఉందట అని నేను చెప్పాను. ఎవరి పరువు కాపాడుతున్నానని అనుకున్నానో వాళ్లే నన్ను కాపాడుతూ వచ్చారు. నాకెందుకు ముందే చెప్పలేదని దాన్ని గట్టిగానే అడిగాను. ఇందాక రోడ్డు మీద అరిచింది నేనే కనుక ఎక్కువ అడగలేకపోయాను.

అప్పుడే పరదా సర్రున లాగి ఒకాయన లోపలికి తల పెట్టాడు. తూలుతున్నాడు. బాత్రూమ్ అనుకున్నాడట. మమ్మల్ని చూసి "సారీ అక్కా" అని రెండు చేతులూ జోడించి, వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. వెయిటర్ వచ్చి ఆయన్ని తీసుకెళ్లాడు. మరి నిమిషానికి మేనేజర్ వచ్చి, సాయంత్రం గిరాకీ మొదలైతే ఇబ్బంది, కాస్త జల్దీ కానివ్వమన్నాడు. తినడం సగంలో ఆపేశాం. జగ్గులో మిగిలిన వైన్‌ని చెల్లెలే తీసుకెళ్లి చేతులు కడిగే సింకులో పోసింది. నేను పక్కనే నిలబడి చూశాను. నీళ్లు వదిలి, తేలుతున్న బెరడు పొట్టుని వేలితో ఏరి పక్కన పెట్టింది.

స్టేషన్లో రైలు ఎక్కేముందు అది నన్ను వాటేసుకుని, ఇవాళ నిన్ను ఎండలో చంపేశాను కదా అంది. దాని గుడ్డసంచి అందించాను. రైలు కదిలాక గుర్తొచ్చింది, దాని కొత్త బాధ్యత ఏమిటో ఇంకా సరిగా అడగలేదని.

ఇల్లు చేరేసరికి మా ఆయన టీవీ ముందున్నాడు. మా అత్తగారు పడుకుంది. ఏం తిన్నారని అడిగాడు. బస్సులో సోంపు నమిలాను, వక్కపొడి నమిలాను, ఏ వాసనా రాదని నాకు తెలుసు. చెప్పకపోతే గడిచిపోయేది. కానీ చెప్పాను. చెల్లెలు చేసిన వైన్ తాగామనీ, ఎండకి అది పాడైపోయిందనీ చెప్పాను.

"హోటల్లనా?"

"అవ్, హోటల్లనే."

ఆయన టీవీ గొంతు తగ్గించాడు. ఎలా ఉంది అని అడుగుతాడేమో, ఎందుకు తాగావని అడుగుతాడేమో అనుకున్నాను.

"ఎవరన్న చూసిన్రా?" అన్నాడు.

చూశారు, చాలామంది చూశారు అన్నాను. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి చీర నానబెట్టాను. రెండు రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు ఆదివారం. స్నేహితులొచ్చారు. ఉల్లిపాయలు మీరే తరుక్కోండి అన్నాను. తరుక్కున్నారు.

స్టాఫ్‌రూమ్‌లో ఒకరోజు చెల్లెలి ప్రస్తావన వస్తే వైన్ కంపెనీ అనే చెప్పాను. ఇద్దరు ముగ్గురు మొహమొహాలు చూసుకున్నారు. లెక్కల టీచరు మాత్రం జీతమెంత అని అడిగింది. అన్నయ్యకి ఫోన్ చేసి కాసేపు తిట్టాను. అవతల అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు.

చెల్లెలు ఇప్పుడు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తోంది. ట్యాంకుల గురించి చెబుతుంది, నాకు సగమే అర్థమవుతుంది. ఈ డిసెంబర్‌లో వస్తానంది. చలికాలం కాబట్టి సీసా పాడవదు, బిరడా తీసే మర కూడా తెస్తానంది. అప్పట్నుంచీ ఖమ్మం వెళ్లినప్పుడల్లా ఇద్దరం కూర్చుని తాగే చోటు కోసం చూస్తున్నాను. భద్రాచలం వైపు రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక హోటల్లో కూడా అడిగాను. ఆడవాళ్లకు సపరేట్ క్యాబిన్ ఉందని ఆ అబ్బాయి గర్వంగా చెప్పాడు. కిటికీ పక్కన బల్ల కావాలి నాకు, పరదా లేకుండా అన్నాను. అట్లాంటిది లేదు మేడం అన్నాడు.